ఆర్గాన్ నాలుగు లైన్లతో కుస్తీ: మా స్పెక్ట్రమ్ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

అసలు ఎందుకు మొదలుపెట్టామో ముందే రాసిపెట్టుకుంటున్నా, లేకపోతే మూడు నెలలు పోయాక నాకే గుర్తుండదు. ప్లాస్మా (కరెంటు పారి వెలిగే వాయువు) ఎంత వేడిగా ఉందో తెలియాలంటే అందులో థర్మామీటర్ ముంచలేం కదా, అది విడిచే వెలుగునే చదువుకోవాలి. పరమాణువు పై శక్తి మెట్టు (లెవెల్) నుంచి కిందికి దిగుతూ ఒకే రంగులో విడిచే వెలుగే లైను; ఒక లైను ఎంత బ్రైట్‌గా ఉందో కొలిచి, ఆ లైను ట్రాన్సిషన్ ప్రాబబిలిటీతో (పరమాణువు సెకనుకి ఎంత చొప్పున ఆ దారిన దిగుతుందో చెప్పే అంకె, ల్యాబ్‌లో అందరం ఇంగ్లీషు అక్షరంతో ఏ వాల్యూ అనే అంటాం) భాగిస్తే పై లెవెల్లో ఎన్ని పరమాణువులు కూర్చున్నాయో తెలుస్తుంది, అలా నాలుగైదు లెవెళ్ళకి చేసి గ్రాఫ్ గీస్తే వాలు నుంచి టెంపరేచర్ వస్తుంది. వినడానికి ఇంతే.

తిరకాసు ఎక్కడంటే, మేం వాడే ఆర్గాన్ ఎర్ర లైన్ల పై లెవెళ్ళన్నీ 12.9 నుంచి 13.5 ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తికీ, ప్లాస్మా లెక్కల్లో వేడికీ కూడా వాడే కొలత) మధ్యనే ఇరుక్కుని ఉన్నాయి. రెండు లెవెళ్ళ మధ్య తేడా అర ఎలక్ట్రాన్ వోల్ట్, ప్లాస్మా టెంపరేచర్ ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే, ఏ వాల్యూలో 10% తప్పు కాస్తా టెంపరేచర్‌కి వచ్చేసరికి 20% అయిపోతుంది. నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) డేటాబేస్‌లో ప్రతి ఏ వాల్యూ పక్కన ఒక గ్రేడ్ ఉంటుంది చూడండి, ఏ అంటే 3% లోపు, బీ ప్లస్ అంటే 7%, బీ అంటే 10%, సీ ప్లస్ 18%, సీ అంటే 25%, డీ అంటే 50%, ఈ అంటే అంతకన్నా ఎక్కువ, ఇంక మీ ఇష్టం అన్నమాట. సీ గ్రేడ్ లైన్లు రెండు పట్టుకుని మూడు దశాంశాలతో టెంపరేచర్ రాసిన రిపోర్టులు నేనే చూశా, సిగ్గు విడిచి చెప్తున్నా, పోయినేడాది ఒకటి నేనే రాశా కూడా.

అందుకే ఈసారి ఒకే ఒక్క లెవెల్ తీసుకుని దాన్ని శుభ్రంగా కొలుద్దాం అనుకున్నాం. లెవెళ్ళకి పేర్లు పెట్టే పాషెన్ పద్ధతిలో దాన్ని 2పీ2 అంటారు, 13.33 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే ఇది కిందికి దిగడానికి నాలుగే దారులు: 696.543, 727.294, 772.421, 826.452 నానోమీటర్లు. నాలుగూ మన డిటెక్టర్‌కి కనపడేవే, ఐదో దారి లేదు, కాబట్టి నాలుగింటి వాటాలు కలిపితే 100% అయి తీరాలి. పైగా నాలుగూ ఒకే లెవెల్ నుంచి బయల్దేరతాయి కాబట్టి ప్లాస్మా వేడి ఎంత, ఎలక్ట్రాన్లు ఎన్ని అన్న గొడవే ఉండదు. నిస్ట్ టేబుల్లో ఉన్న ఏ వాల్యూలు 6.39, 1.83, 11.7, 15.3, అన్నీ సెకనుకి మిలియన్లలో, కలిపితే 35.22, తిరగేస్తే లైఫ్‌టైమ్ (పరమాణువు ఆ లెవెల్లో సగటున ఉండే సమయం) 28.4 నానోసెకన్లు. వాటాల్లో చెప్తే వరసగా 18.1, 5.2, 33.2, 43.4 శాతం. ఈ అంకెలు గోడ మీద అంటించి, పక్కన మావి రాసుకోవడానికి ఖాళీ వదిలాం.

సామాను: అర మీటర్ మోనోక్రోమేటర్ (వెలుగులోంచి ఒక్కో రంగునే విడదీసి పంపే పెట్టె), అందులో రంగులు విడదీసే మిల్లీమీటర్‌కి 1200 గీతల గ్రేటింగ్, ఫోటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఆర్928 ఫోటోమల్టిప్లయర్ ట్యూబు, ఇంటెన్సిటీ క్యాలిబ్రేషన్‌కి సర్టిఫికెట్ ఉన్న టంగ్‌స్టన్ హాలోజన్ ల్యాంపు, వెలుగు మూలంగా ఆర్గాన్ నింపిన హాలో కాథోడ్ ల్యాంపు.

మొదటి రోజే బోల్తా పడ్డాం. మెర్క్యురీ ల్యాంపు పెట్టి 435.833, 546.074 దగ్గర తరంగదైర్ఘ్యం సెట్ చేసుకున్నాం, చక్కగా కూర్చుంది, తీరా ఆర్గాన్ పెడితే ప్రతి లైనూ దాదాపు 0.19 నానోమీటర్ పక్కకి పోయి కనపడుతోంది. గ్రేటింగ్ డ్రైవ్ స్క్రూ అరిగిపోయిందని ఒకరు, రూమ్ టెంపరేచర్ అని ఇంకొకరు, మధ్యాహ్నం దాకా స్క్రూలు బిగించాం. చివరికి మా సీనియర్ అక్క వచ్చి ఫైల్ చూసి "ఇది వాక్యూమ్ లిస్ట్ రా, గాల్లో కొలుస్తూ వాక్యూమ్ అంకెలతో పోలుస్తావేంటి" అంది. ఆ రంగులో గాలి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ 1.000276 చుట్టుపక్కల ఉంటుంది, 700 నానోమీటర్లకి అది సరిగ్గా ఆ 0.19 తేడా. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక టిక్కు తప్పు పెట్టిన ఫలితం. బిగించిన స్క్రూలు మళ్ళీ వదులు చేయడానికి ఇంకో రోజు.

రెండో వారం

రెస్పాన్స్ క్యాలిబ్రేషన్. అంటే ఒక్కో రంగుకి మన యంత్రం ఎన్ని ఫోటాన్లు మింగి ఎన్ని లెక్కపెడుతుందో తెలుసుకోవడం. ఆర్928 మామూలుగా 185 నుంచి 900 నానోమీటర్ల దాకా చూస్తుంది అంటారు గానీ 800 దాటాక కళ్ళు మసకబారిన మనిషిలా ఉంటుంది, 696 దగ్గర ఉన్న చూపులో చాలా తక్కువే మిగులుతుంది 826 దగ్గరికి వచ్చేసరికి. కాబట్టి ఇక్కడ చేసే తప్పు నేరుగా జవాబులోకి వెళ్ళిపోతుంది.

హాలోజన్ ల్యాంపు ముందు తెల్ల డిఫ్యూజర్ పలక పెట్టి స్కాన్ చేశాం, సర్టిఫికెట్‌లో ఇచ్చిన పాయింట్ల మధ్య బ్లాక్‌బాడీ (వేడి వస్తువు విడిచే వెలుగు) ఆకారాన్ని పాలినోమియల్‌తో కొంచెం సర్ది కర్వ్ గీశాం, ఆ తర్వాత ఆర్గాన్ ల్యాంపు 10 మిల్లీఆంప్ దగ్గర పెట్టి నాలుగు లైన్లు కొలిచాం. కౌంట్లు పుష్కలం, బలహీనమైన 727 లైనుకి కూడా 40,000 దాటాయి, అంటే గణాంకాల తప్పు అర శాతం. పొంగిపోయాం. జవాబు: 15.2, 4.8, 42.8, 37.2.

గోడ మీది అంకెలతో చూస్తే అసలు పోలికే లేదు. 772 మరీ ఎక్కువ, 826 తక్కువ, 696 తక్కువ. ఇక్కడ ఒక మాట, ఈ నాలుగూ కలిపి 100 అవ్వాలి కాబట్టి ఒకటి ఉబ్బితే మిగతా మూడూ వాటంతట అవే బక్కచిక్కుతాయి, ఎవరిది నేరమో ఎవరు బాధితులో చూడగానే తెలియదు.

మొదట దొరికిన దొంగ సెకండ్ ఆర్డర్. గ్రేటింగ్‌ని 826 దగ్గర నిలబెడితే 413 నానోమీటర్ల నీలం వెలుగు కూడా అదే కోణంలో బయటికి వస్తుంది. హాలోజన్ ల్యాంపు అన్ని రంగులూ విడుస్తుంది, నీలం తక్కువే గానీ మన ఫోటోమల్టిప్లయర్ ట్యూబుకి నీలం అంటే మహా ఇష్టం కదా, దాంతో క్యాలిబ్రేషన్‌లో 826 దగ్గర దొంగ కౌంట్లు కలిసిపోయి "నాకు ఇక్కడ బాగానే కనపడుతోంది" అని యంత్రం గొప్పలు పోయింది, దానితో భాగించేసరికి అసలు లైను చిన్నదైపోయింది. 550 కింద అన్నీ ఆపేసే నారింజ రంగు ఫిల్టర్ స్లిట్ (వెలుగు లోపలికి వెళ్ళే సన్న చీలిక) ముందు పెట్టాం, క్యాలిబ్రేషన్‌కీ ఆర్గాన్‌కీ రెండింటికీ అదే ఫిల్టర్, అదే చోట, వేలితో కూడా ముట్టుకోకుండా. 826 ఒక్కసారిగా 7% పెరిగింది. కొత్త లెక్క: 14.8, 4.7, 41.6, 38.9. కొంచెం మెరుగు, 772 మాత్రం అలాగే కొండలా కూర్చుంది.

నాలుగో వారం

(మూడో వారం పంపు రిపేర్‌లో పోయింది, రాయడానికేం లేదు.)

772 కథ నిజానికి మాకు ముందే తెలిసుండాల్సింది. ఆర్గాన్‌లో 772.376 దగ్గర ఇంకో లైను ఉంది, అది 2పీ7 అనే వేరే లెవెల్‌ది. మనకి కావాల్సింది 772.421. మధ్య దూరం 0.045 నానోమీటర్, మా మోనోక్రోమేటర్ 30 మైక్రాన్ స్లిట్‌తో చూడగలిగేది 0.05. అంటే ఇద్దరు మనుషులు ఒకే దుప్పటి కప్పుకుని పడుకుంటే తలలు లెక్కపెట్టమన్నట్టు. డేటాబేస్‌లో లైన్లు వరసగానే ఉన్నాయి, మేం 772.4 అని గుండ్రం చేసి రాసుకున్నాం, అక్కడే మింగేశాం.

విడదీయడానికి తెలివైన ఉపాయం ఒకటి తట్టింది. 2పీ7 లెవెల్ నుంచే 810.369 అని ఇంకో బలమైన లైను వస్తుంది, పక్కనే 811.531 ఉన్నా ఒక నానోమీటర్ పైనే దూరం కాబట్టి ఇబ్బంది లేదు. టేబుల్ ప్రకారం 772.376 ఏ వాల్యూ 5.18, 810.369 ది 25.0, అంటే 810 ఫోటాన్లు వంద వస్తే 772.376 వి దాదాపు 21 వస్తాయి. 810 కొలిచి, అందులో ఆ వంతు తీసి, 772 కుప్ప నుంచి తీసేయడమే. చేశాం. కుప్పలో 28.5% పరాయి లైనుదని తేలింది. తీసేశాక: 16.8, 5.3, 33.8, 44.1. అబ్బ, ఎంత అందంగా ఉందో. ఆ రాత్రి గ్రూప్‌లో గ్రాఫ్ పెట్టేశా కూడా.

పొద్దున్నే అక్క అడిగిన ప్రశ్న: "నువ్వు టేబుల్ సరైనదో కాదో చూద్దామని బయల్దేరావ్, మరి దిద్దడానికి అదే టేబుల్ అంకెలు వాడితే, దొంగ చేతికే తాళాలు ఇచ్చి ఇల్లు భద్రంగా ఉందన్నట్టు లేదా?"

నిజమే. ఆ 5.18, 25.0 రెండూ అదే టేబుల్‌లోవి. వాటి నిష్పత్తిలో 15% తప్పుంటే మన 772.421 లో 6% తప్పు వచ్చి చేరుతుంది, పైగా ఆ తప్పు మనకి ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే మనం పోల్చుకునేది కూడా దానితోనే. ఎవరైనా డేటాని మదింపు చేసేవాళ్ళు ఈ పేపర్ చూస్తే మొదట వెతికేది ఇదే అట, ఏ అంకె ఎక్కడినుంచి అరువు తెచ్చారు అని. కొలతలు చేసేవాళ్ళు యంత్రం గురించి గొప్పగా నాలుగు పేజీలు రాస్తారు, అరువు తెచ్చిన అంకె మాత్రం ఎక్కడో ఫుట్‌నోట్‌లో నక్కి ఉంటుంది.

ఐదో వారం

గ్రేటింగ్ మార్చాం. మిల్లీమీటర్‌కి 1800 గీతలది పెట్టి, స్లిట్ 15 మైక్రాన్లకి బిగిస్తే, 772 దగ్గర రెండు శిఖరాలు విడిపోయాయి, మధ్యలో లోయ కూడా కనపడింది. వెలుగు బాగా తగ్గిపోయింది, ఒక్కో స్కాన్ గంటన్నర, కానీ మన కళ్ళతో రెండు లైన్లూ వేరుగా చూడటం ఉంది చూశారా, అది వేరే.

అసలు అందం ఏంటంటే ఈ పనికి మళ్ళీ రెస్పాన్స్ క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. 0.045 నానోమీటర్ దూరంలో యంత్రం చూపు ఏం మారుతుంది? రెండు శిఖరాల వైశాల్యాల నిష్పత్తి నేరుగా జవాబు. ఆ నిష్పత్తిని మాత్రం పట్టుకుని పాత 1200 గ్రేటింగ్ కొలతలోకి తెచ్చుకున్నాం. పరాయి లైను వాటా 28.0%, అటూ ఇటూ 0.8. ఉపాయంతో వచ్చింది 28.5. టేబుల్ అంకెలు ఇక్కడ బాగానే ఉన్నాయన్నమాట, కానీ ఇప్పుడు ఆ మాట చెప్పే హక్కు మనకి వచ్చింది, నాలుగో వారంలో రాలేదు.

ఒక జాగ్రత్త, కరెంట్ మారిస్తే ఈ వాటా మారుతుంది, ఎందుకంటే రెండు లెవెళ్ళలో జనాభా ఒకే నిష్పత్తిలో పెరగదు. కాబట్టి ఏ కరెంట్‌లో పాత కొలత చేశామో అదే కరెంట్‌లో ఈ నిష్పత్తి కూడా కొలవాలి. ఒకసారి కొలిచి అన్నిటికీ వాడేద్దామని మొదట బద్ధకించా, 5 మిల్లీఆంప్ దగ్గర చెక్ చేస్తే వేరే అంకె వచ్చింది, నోరు మూసుకుని అన్ని కరెంట్లకీ విడివిడిగా కొలిచా.

ఆరు, ఏడు వారాలు

ఇక మిగిలింది 696. దాని వాటా 16.8 దగ్గరే ఆగిపోయింది, 18 చుట్టుపక్కల ఉండాలి. అనుమానం సెల్ఫ్ అబ్జార్ప్షన్ (ప్లాస్మా తన వెలుగుని తానే మింగడం) మీద. ఈ లైను దిగేది 1ఎస్5 అనే మెటాస్టేబుల్ లెవెల్ మీదకి, 11.55 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. అక్కడికి చేరిన పరమాణువుకి వెలుగు విడిచి కిందికి దిగే తేలిక దారి లేదు, అలా పోగుపడి కూర్చుంటాయి, పైనుంచి వచ్చే 696 ఫోటాన్‌ని దారిలో పట్టుకుని మింగేస్తాయి. 826 దిగేది 1ఎస్2 మీదకి, అక్కడ జనాభా అంత ఉండదు కాబట్టి దానికి ఆ బాధ తక్కువ.

లైను ఆకారం చూసి పట్టుకుందాం అంటే కుదరదు. గది వేడికి కొంచెం పైన ఉన్న ఆర్గాన్‌లో డాప్లర్ వెడల్పు (పరమాణువుల కదలిక వల్ల లైనుకి వచ్చేది) 0.002 నానోమీటర్ కూడా ఉండదు, మన యంత్రం వెడల్పు దానికి పాతిక రెట్లు, లోపల శిఖరం చదునైపోయినా బయటికి మాత్రం అందమైన గంట ఆకారమే కనపడుతుంది. పుస్తకంలో ఉన్న మార్గం కరెంట్ తగ్గించుకుంటూ పోయి సున్నాకి సాగదీయడం. 12, 9, 6, 4, 3 మిల్లీఆంప్‌ల దగ్గర కొలిచి గీత గీస్తే 696 వాటా 17.3 దగ్గర ఆగింది. ఇంకా తక్కువే.

ఇక్కడ రెండు రోజులు తల గోక్కున్నాక అర్థమైంది, కరెంట్ సున్నాకి పోతే మెటాస్టేబుల్స్ కూడా సున్నాకి పోతాయని మనం అనుకున్నాం గానీ అవి అంత మర్యాదస్తులు కావు. కరెంట్ ఎక్కువున్నప్పుడు ఎలక్ట్రాన్లే వాటిని పుట్టిస్తాయి, ఎలక్ట్రాన్లే గుద్ది చెదరగొడతాయి, కాబట్టి కరెంట్ మార్చినా వాటి సంఖ్య పెద్దగా కదలదు, బాగా తక్కువ కరెంట్‌కి వచ్చాకే, అదీ గోడలకి తగిలి పోవడం ముఖ్యమైనప్పుడే, తగ్గడం మొదలవుతుంది. అంటే స్కేలు పెట్టి సున్నాకి గీసిన గీత అబద్ధం.

అద్దం పద్ధతి ఉంది కదా అన్నారు. ప్లాస్మా వెనకాల పుటాకార అద్దం పెట్టి, వెనక్కి పోయిన వెలుగుని మళ్ళీ ప్లాస్మా గుండా తిప్పి పంపాలి. అద్దం ఉన్నప్పుడు, మూసినప్పుడు కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. మింగుడు లేని లైన్లన్నీ దాదాపు ఒకే వంతు పెరగాలి, మింగుడు ఉన్నది తక్కువ పెరుగుతుంది. బ్రహ్మాండం, అద్దం తెచ్చాం, మౌంట్ బిగించాం, అలైన్ చేయబోతే అప్పుడు వెలిగింది, హాలో కాథోడ్ అంటేనే గిన్నె, వెనకాల మూసుకుని ఉంటుంది! వెలుగు వెనక్కి పోయేదెక్కడ. ముగ్గురం ఆరు వారాలుగా ఆ ల్యాంపుని రోజూ చూస్తున్నాం.

చివరికి సన్న గొట్టం ఉన్న గాజు డిశ్చార్జ్ ట్యూబుకి మారాం, పక్కనుంచి చూస్తే ఆర్‌పార్ కనపడుతుంది. కొత్త ల్యాంపు కాబట్టి 772 వాటా కూడా మళ్ళీ మొదటినుంచి కొలవాల్సి వచ్చింది, అది ఇంకో నాలుగు రోజులు, దాని గురించి మాట్లాడను. అద్దంతో 826 పెరుగుదల 62%, 696 ది 55%. అంటే వెనక్కి తిరిగొచ్చిన 696 వెలుగులో 11% ప్లాస్మానే మింగేసింది. ప్లాస్మా తన మందంలో తానే పుట్టించి తానే మింగుకునేది సుమారుగా అందులో సగం, ఎందుకంటే సగటున ప్రతి ఫోటాన్ సగం దూరమే నడుస్తుంది. 696 ని 6% పైకి దిద్దాం, మిగతా మూడింటికీ వాటి వాటి చిన్న దిద్దుబాట్లు చేశాం.

తొమ్మిదో వారం

అన్నీ కలిపి చివరి లెక్క: 18.0, 5.2, 33.4, 43.4.

గోడ మీది అంకెలకి ఎంత దగ్గరగా ఉందో చూసి అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం అదే భయం. టేబుల్‌తో కలిసేదాకా తప్పులు వెతికి, కలవగానే వెతకడం ఆపేశామేమో? కాబట్టి అంకెలు కాగితంతో మూసేసి, ముడి కౌంట్లని ల్యాబ్‌లో ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒకబ్బాయికి ఇచ్చి, ఏ లైను ఏదో చెప్పకుండా మొదటినుంచి చేయమన్నాం. 727 దగ్గర మా కంటే 3% తేడా వచ్చింది. చూస్తే బ్యాక్‌గ్రౌండ్ తీసే చోట మేం లైనుకి మరీ దగ్గరగా పాయింట్లు తీసుకున్నాం, తోక కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుని కోసేశాం. దిద్దితే 5.2 కాస్తా 5.3 చుట్టుపక్కలకి వచ్చింది, పెద్ద మార్పేం కాదు. అయినా పట్టుబడింది కదా.

అన్‌సర్టెన్టీ బడ్జెట్ (ఏ కారణం వల్ల ఎంత తప్పు ఉండొచ్చో వేసే పద్దు) వేస్తే కౌంట్ల గణాంకాల వాటా నవ్వొచ్చేంత చిన్నది. హాలోజన్ ల్యాంపు సర్టిఫికెట్టే 3% అంటుంది, కాకపోతే రెండు రంగుల మధ్య నిష్పత్తికి అందులో కొంత కొట్టుకుపోతుంది, ఎంత కొట్టుకుపోతుందో సర్టిఫికెట్‌లో రాయలేదు, కాబట్టి జాగ్రత్త కోసం పూర్తిగా వేసుకున్నాం. మొత్తం 696 కి 4.5%, 727 కి 5%, 772 కి 4%, 826 కి 3%. పెద్ద వాటా ఉన్న లైనుకి తక్కువ ఎందుకంటే మొత్తం 100 అవ్వాలన్న షరతు దానికే ఎక్కువ సాయం చేస్తుంది, 43% ఉన్న లైను ఇంటెన్సిటీలో 5% తప్పున్నా వాటాలోకి వచ్చేసరికి 3% లోపే అవుతుంది. ఇది తెలియక విడివిడి తప్పుల్ని అలాగే రాసేస్తారు చాలామంది. నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కోవేరియన్స్ టేబుల్ (ఏ తప్పు దేనితో ముడిపడి ఉందో చూపేది) కూడా ఫైల్లో పెట్టా, ఎవరూ వాడకపోయినా సరే.

మేం లైఫ్‌టైమ్ కొలవలేదు, మాది వాటాలు మాత్రమే. ఏ వాల్యూ కావాలంటే వాటాని లైఫ్‌టైమ్‌తో భాగించాలి, దానికి 3% తప్పు వేసుకున్నా నాలుగూ 4 నుంచి 6% మధ్య పడతాయి, అంటే బీ ప్లస్. 727 కి మాత్రం నేను బీ నే వేశా. లెక్క ప్రకారం బీ ప్లస్ వస్తుంది, కానీ ఒకసారి బ్యాక్‌గ్రౌండ్ దగ్గర పట్టుబడ్డ లైనుకి అంత మర్యాద ఎందుకు.

పదో వారం

మావాటితో పోల్చడానికి పాత పేపర్లు చదువుతున్నా. కొలవడం కంటే ఇదే కష్టం. కొందరు ఏ వాల్యూ కాకుండా జీ (ఆ లెవెల్లో కలిసున్న స్థితుల సంఖ్య) తో గుణించింది ఇస్తారు, శీర్షికలో చిన్న అక్షరం చూడకపోతే 2పీ2 కి సరిగ్గా మూడు రెట్ల తేడా వస్తుంది, ఒక పూట నాకు కొత్త ఫిజిక్స్ దొరికిందనుకున్నా. ఇంకొకరు డేటాబేస్‌లో రిలేటివ్ ఇంటెన్సిటీ కాలమ్ తీసుకుని దాన్నే వాటాలుగా వాడేశారు, అది ఆ రోజు ఆ ల్యాంపులో అలా కనపడిందని చెప్పే గుర్తే తప్ప కొలత కాదని డేటాబేస్ వాళ్ళే రాసిపెట్టారు. నేను ఒక్కో పేపర్‌కి నాలుగు ప్రశ్నలు వేస్తున్నా: సెల్ఫ్ అబ్జార్ప్షన్ చెక్ చేశారా, చేస్తే ఎలా, 772 ని విడదీశారా లేక తీసేశారా, అరువు అంకెలు ఏవి. మొదటి ప్రశ్నకే సగం పేపర్లు మౌనం. మౌనంగా ఉన్నవాళ్ళ 696 అన్నీ మాకంటే తక్కువ ఉండటం కూడా రాసిపెట్టుకున్నా.

తర్వాత టంగ్‌స్టన్ మీదకి వెళ్దామని ప్లాన్. ఫ్యూజన్ యంత్రాల గోడలు టంగ్‌స్టన్‌వి అయిపోతున్నాయి, జర్మనీలో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ అనే యంత్రం 2007 నుంచే పూర్తి టంగ్‌స్టన్ గోడలతో నడిచింది, గోడ ఎంత అరుగుతోందో 400.9 నానోమీటర్ల తటస్థ టంగ్‌స్టన్ లైను చూసి అంచనా వేస్తారు. ఆర్గాన్ 2పీ2 కి నాలుగే దారులుంటే అక్కడ ఒక్కో లెవెల్‌కి బోలెడు దారులు, లైన్లు ఒకదాని మీద ఒకటి కుప్పలు. 772 దగ్గర రెండింటికే ఐదు వారాలు తిన్నాం.

దానికి ముందు హాలోజన్ ల్యాంపు పంపాలి, 50 గంటలకోసారి మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలని సర్టిఫికెట్‌లో ఉంది, లాగ్‌బుక్‌లో కూడితే 46 గంటలు వెలిగింది. అందులో మొదటి 11 గంటలు ఫిల్టర్ లేకుండా.